కాలిన చెరకుకు పంచనామా

చెరకు మిల్లులో పనిచేసినవాడికి మెల్లగా మాట్లాడటం చేతకాదు. బోధన్‌కు కాస్త ఎడంగా ఉన్న ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజనీరుగా ఉన్నన్నాళ్లూ నేను ఏ మాటైనా అరిచే చెప్పేవాణ్ని. నిజామాబాద్‌లో ఇంటికొచ్చి ఉప్పు అందుకొమ్మన్నా అరుపే. నా భార్య మొదట్లో బెదిరిపోయింది, తరువాత తనూ అరవడం నేర్చుకుంది. ఉద్యోగం వదిలేసి నవల రాయడానికి కూర్చున్నప్పుడు, ఇక ఈయన కుదురుకుంటాడని చుట్టాలంతా సంతోషించారు. అరిచేవాడు ఒకచోట కూర్చుంటే కోపం పోతుందని ఎవరు చెప్పారో వాళ్లకు. కూర్చున్నాక నాకు కోపం ఇంకా ఎక్కువైంది.

ఆ మిల్లు సంగతి చెప్పకపోతే నా నవల సంగతి అర్థం కాదు. చెరకు లోపలికి పోయే దారిలో ముందు కత్తులు తిరుగుతుంటాయి. వాటిని దాటాక ఉక్కు రోలర్లు. గడ అటు నుంచి గడగా వెళ్లి ఇటు నుంచి పిప్పిగా వస్తుంది. మధ్యలో ఏం పడినా అంతే, చెప్పు పడినా, కుక్క పడినా. ఒకసారి గొలుసు తెగి ఎగిరి ఒక ఫిట్టరు మొహం మీద కొట్టింది. పళ్లూ పెదవీ కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. అతన్ని జీపెక్కించి, నేల మీద నీళ్లు కొట్టి, కొత్త గొలుసు తగిలించి మళ్లీ నడిపించాం. నడిపించక తప్పదు. మిల్లు ఆగిందంటే బయట యార్డులో ట్రాక్టర్లు ఆగుతాయి, ట్రాక్టర్లు ఆగితే రైతులు ఒకరినొకరు కొట్టుకుంటారు. వరస తప్పించాడని ఒక రైతు ఇంకొకడి భుజం మీద ట్రాలీ పిన్నుతో కొడితే ఎముక విరిగిన చప్పుడు నాకు కిటికీ దగ్గరికి వినిపించింది. చక్కెర తియ్యగా ఎలా ఉంటుందా అని నాకు చాలాసార్లు అనిపించేది.

ఈ కొట్లాటలన్నిటికీ మూలం వరస. చెరకు ఎప్పుడు నరకాలో రైతు ఇష్టం కాదు, ఫ్యాక్టరీ పర్మిట్ ఇవ్వాలి. పర్మిట్ ఆలస్యమైతే చేను ఎండి గడ బరువు తగ్గుతుంది. మహారాష్ట్ర నుంచి వచ్చిన కోత కూలీలు గుడిసెలు విప్పుకుని ఇంకో ఊరికి పోతారు. అయితే కాలిన చెరకుకు మాత్రం వరస లేదు. కాలిన గడ రోజుల్లోనే పులిసిపోతుంది కాబట్టి దాన్ని అన్నిటికంటే ముందు తీసుకుంటారు. ఈ సంగతి బోధన్ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే ప్రతి సీజనులో కొందరు రైతులు తమ చేనుకు తామే అగ్గిపుల్ల గీస్తారు. గీసి, పైన కరెంటు తీగలు రాసుకుని నిప్పులు రాలాయని చెప్తారు.

అది నిజమో కాదో చూసి రావడానికి ఫ్యాక్టరీ నన్ను పంపేది. స్తంభాలు చూసి, తీగలు ఎంత వేలాడుతున్నాయో చూసి, బూడిద ఏ గట్టు నుంచి మొదలైందో చూసి పంచనామా రాసేవాణ్ని. తీగల వల్లే అని నేను రాస్తే రైతుకు పూర్తి ధర, లేదంటే ధరలో కోత. కొందరు కాళ్లు పట్టుకున్నారు, ఒకడు గొడ్డలి చూపించాడు. నేను మాత్రం కళ్లకు కనపడిందే రాశాను. అందులో నాకు పొగరు కూడా ఉండేది. ఇంజనీరు సారు రాసిండంటే అంతే అని ఊళ్లలో అనుకుంటుంటే మీసం మెలేసినంత పని అయ్యేది.

చెరకు చేను కాలడం చూడనివాళ్లకు చెప్పడం కష్టం. వరిగడ్డిలాగా కాలదు. గడల్లో రసం ఉడికి టపటపా పేలుతుంది. ముందు పాములొస్తాయి, తరువాత కుందేళ్లు, చివరికి అడవిపందులు. గట్ల మీద జనం కట్టెలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఒళ్లు కాలుతూ బయటికొచ్చిన పందిని తల పగిలేదాకా కొట్టి, అక్కడే వాటాలు వేసుకుంటారు. అది చూసొచ్చిన రోజు నేను అన్నం తినేవాణ్ని కాదు. ఒక సీజను మధ్యలో, కాలిన చెరకు గురించే మాటామాటా పెరిగి మా మేనేజరు మీద స్పానరు విసిరాను. తగల్లేదు. తగలనందుకు బాధపడి, వాళ్లు తీసేయకముందే నేనే మానేశాను.

నవలలో రాసింది ఆ మంటే. ఒక రైతు తన చేనుకు తానే నిప్పు పెట్టుకుంటాడు. గాలి తూర్పు నుంచి తిరగబడి మంట పక్క చేనులోకి దూకుతుంది. అక్కడ ఆకు దూస్తున్న పక్క రైతు బయటపడలేక కాలిపోతాడు. నిప్పు పెట్టినవాడు ఆ కేకలు విని మంటల్లోకి ఉరుకుతాడు, చేతులు కాల్చుకుంటాడు, శవం మీద పడి ఏడుస్తాడు. రాస్తూ నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. అది ఏ ఒక్క ఊరి కథా కాదు. నేను చూసిన చేలన్నీ కలిపి ఒక చేను చేశాను, ఊరిపేరు సొంతంగా పెట్టాను. అయినా ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది. గాలి ఏ వేళకు ఎటు తిరుగుతుందో, గడ ఎంత ఎత్తుంటే మంట ఎంత దూరం దూకుతుందో, అన్నీ లెక్క తప్పకుండా రాశాను.

పుస్తకం వచ్చింది. హైదరాబాద్‌లో నలుగురు బాగుందన్నారు. జిల్లా పేపరులో ఒక విలేఖరి 'చెరకు మంటల వెనక అసలు నిజం' అని హెడ్డింగ్ పెట్టి, మాజీ ఇంజనీరు బయటపెట్టాడని రాశాడు. అది చూసి మురిసిపోయానే తప్ప, ఇది నవల కదా నాయనా అని ఫోన్ చేసి చెప్పాలని తోచలేదు. తరువాత ఎవరో ఆ మంట అధ్యాయాన్ని గొంతెత్తి చదివి, రికార్డు చేసి, చెరకు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. అది ఊరి నుంచి ఊరికి పోయింది. పోయే దారిలో నవల అన్న మాట రాలిపోయింది. ఇంజనీరు సారు రాసిండు అన్నది ఒక్కటే మిగిలింది.

ఒకరోజు పొద్దున కోటగిరి వైపు ఒక ఊరి సర్పంచు ఫోన్ చేశాడు. అతనెవరో నాకు తెలియదు, ఆ ఊరూ నేనెన్నడూ చూడలేదు.

"సార్, మీ పుస్తకం మీద ఊరంత కూసున్నం. మీరొచ్చి నాలుగు ముక్కలు చెప్తే మంచిగుంటది."

నేను సన్మానమనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. పంచడానికి పుస్తకాలు కట్ట కట్టి కారులో పెట్టుకున్నాను. శాలువా కప్పితే వద్దనకుండా తెమ్మని, ఇంట్లో దుప్పట్లు పాతవైపోయాయని నా భార్య గుమ్మంలోంచి అరిచింది. బోధన్ దాటి కాలువ రోడ్డెక్కాక, ఏం మాట్లాడాలో పైకి అనుకుంటూ కూడా పోయాను. రైతన్నలారా అని మొదలుపెడదామనుకున్నాను.

పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా ఉంది. కూర్చుని లేదు, నిలబడి ఉంది. మధ్యలో చెరకు ట్రాలీ, దాని వెనక చక్రానికి ఒక మనిషిని తాడుతో కట్టేశారు. పొట్టిగా, నడివయసులో ఉన్న రైతు. చొక్కా లేదు. అతన్ని చెరకు గడలతో కొడుతున్నారు. గడ విరిగితే పారేసి ట్రాలీలోంచి ఇంకొకటి లాగుతున్నారు. విరిగిన గడల రసం నెత్తురుతో కలిసి అతని ఒంటిమీద జిగటగా కారుతోంది. అప్పటికే ఈగలు ముసిరాయి. ఒక కన్ను మూసుకుపోయింది. ఒక చెయ్యి మోచేతి దగ్గర ఉండాల్సినట్టు లేదు. అతను అరవడం కూడా మానేశాడు.

ఇస్త్రీ చొక్కాలో కారు దిగిన నన్ను చూసి జనం దారి ఇచ్చారు. కొందరు దండం పెట్టారు.  సర్పంచు కుర్రవాడే, చదువుకున్నవాడే, చేతిలో ఫోను పట్టుకుని ఎదురొచ్చాడు. విషయం గబగబా చెప్పాడు. పోయినేడు ఈ పొట్టి రైతు చేను కాలింది. తీగల వల్లనే అన్నాడు, అందరూ నమ్మారు. మంట పక్క చేనుకు దూకి కౌలుకు చేసుకునే మనిషి ఒకడు కాలిపోయాడు, నిజామాబాద్ ఆసుపత్రిలో పోయాడు. ఇప్పుడు ఫోన్లలో నా మాటలు వచ్చాక జరిగిందంతా ఊరికి తెలిసిపోయింది.

"మీరు రాసిన మనిషి వీడే గద సార్? ఒక్క మాట చెప్పుండ్రి, అయిపోతది."

ఏం అయిపోతుందో నాకు అర్థమైంది. ఆ ట్రాలీకి తగిలించిన ట్రాక్టరు మీద ఒకడు ఎక్కి కూర్చుని ఉన్నాడు. ఇంజన్ నడుస్తోంది. నేను అటు తిరిగి పోలీసులకు, వంద నంబరుకు ఫోన్ చేశాను. వస్తున్నామన్నారు. వాళ్లు ఎంత తొందరగా వచ్చినా ఆ ట్రాక్టరు కదలడానికి పట్టేంత తొందరగా రాలేరు.

నా గొంతు మిల్లులో తయారైన గొంతు. ఆ రోజు పనికొచ్చింది. నేను రాసింది కథ అని అరిచాను. ఈ మనిషిని ఎప్పుడూ చూడలేదని, ఈ ఊరి పేరు కూడా వినలేదని, పుస్తకాల్లో ఉత్తుత్తివే రాస్తారని చెప్పాను. జనం విన్నారు. విని, నేను భయపడుతున్నానని అనుకున్నారు. సారును ఎవరో బెదిరించారని ఒకడు అన్నాడు. ఇంకొకడు ఆ కోపంతో గడ తీసి కట్టేసిన మనిషి మోకాలి మీద కొట్టాడు. ఆ చప్పుడు నాకు తెలిసిన చప్పుడే.

అప్పుడు పోయినాయన భార్య ముందుకొచ్చింది. సన్నటి మనిషి, ముప్పై దాటి ఉండవు. ఆమె చేతిలోనూ ఫోను ఉంది.

"సూడకుంటనే గాలి తూర్పుకెల్లి మర్లిందని ఎట్ల రాసినవ్ సారు?" అని అడిగింది. "నా మొగడు కాలినప్పుడు నేనాడ లేను. మా అవ్వగారింటికి పోయిన. ఎట్ల కాలిండో నాకు ఎవ్వలు చెప్పలే. నువ్వే చెప్పినవ్. దినాం ఫోన్ల ఇంటున్న."

ఒక పుస్తకం రాసినవాడు ఒక మనిషి నోట వినకూడని మాట అది. రైతన్నలారా అని ఉపన్యాసం దంచుదామని వచ్చినవాణ్ని. ఆమెకు ఏం చెప్పినా తప్పే. కానీ ట్రాక్టరు ఇంజను ఆగలేదు, డ్రైవరు సీట్లో ఉన్నవాడు క్లచ్ మీద కాలు పెట్టి మావైపే చూస్తున్నాడు. నేను చేను చూస్తానన్నాను. చూసి పంచనామా చెప్తాను, అందాకా ఎవడైనా ఆ మనిషి మీద చెయ్యి వేస్తే నేను నోరు తెరవనన్నాను. పంచనామా అన్న మాట వాళ్లకు నచ్చింది.

చేను ఊరి పక్కనే. నేను, సర్పంచు, ఆమె వెళ్లాం. కొత్త చెరకు నడుం దాకా పెరిగి ఉంది. స్తంభాలు పాతవి, తుప్పు చూస్తే వాటిని ఎవరూ ఏళ్లుగా ముట్టుకోలేదని తెలుస్తోంది. తలెత్తి తీగలు చూశాను. బిగుతుగా ఉన్నాయి. రెంటికీ మధ్య బారెడు ఎడం ఉంది. ఎంత గాలి వచ్చినా ఆ తీగలు ఒకదాన్నొకటి తాకవు. కిందపడిన ముక్క లేదు, అతుకు వేసిన చోటు లేదు. ఉద్యోగంలో ఉంటే అక్కడే గట్టు మీద కూర్చుని, తీగల వల్ల కాదు అని రాసి సంతకం పెట్టేవాణ్ని.

ఊళ్లోంచి ఇంజను మోత ఇక్కడికి కూడా వినిపిస్తోంది. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"తీగలే అక్కా," అన్నాను. "చూడు, ఎట్ల ఉన్నయో. గాలికి రాసుకున్నయి. వాడు అంటువెట్టలే."

ఆమె పైకి చూసింది. ఆమెకు తీగలు తీగల్లాగే కనిపించి ఉంటాయి. "నువ్వు ఇంజనీరువు. నువ్వు చెప్తున్నవ్ గద," అంది. వెనక్కి తిరిగి నాకంటే ముందు నడిచింది. పంచాయతీ దగ్గర ఎవరితోనూ మాట్లాడకుండా ట్రాలీ చక్రం దగ్గరికి పోయి, రసంతో జారిపోతున్న ముడులను పళ్లతో పట్టి లాగి, ఆ తాడు తానే విప్పింది. పోయినాయన పెండ్లామే విప్పాక ఇంక కొట్టడానికి ఎవరికీ హక్కు లేకపోయింది. ఇంజను ఆపేశారు. ఒకరిద్దరు మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

పోలీసులు ఇంకా రాలేదు, అతన్ని నా కారు వెనక సీట్లో పడుకోబెట్టి బోధన్ ఆసుపత్రికి బయలుదేరాను. ఎక్కడానికి అతని ఇంటివాళ్లకు కూడా ధైర్యం చాలలేదు, సర్పంచు మోటారు సైకిల్ మీద వెనక వస్తానన్నాడు. కాలువ రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా వెనక నుంచి మూలుగు వినిపించేది. నేను మాత్రం లోపల పొంగిపోతున్నాను. ఒక ప్రాణం కాపాడాను. తీగల సంగతి ఎలాగో నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. పోయినేటి గాలి వేరేమో, స్తంభం అప్పుడు ఒరిగి తరువాత నిలబెట్టారేమో అని.

"సార్," అన్నాడు అతను వెనక నుంచి. పళ్లు ఊడినందువల్ల మాట చప్పరిస్తున్నట్టు వచ్చింది. "మీ పుస్తకంల వాడు మంటల్లకు ఉరికిండట గద."

అవునన్నాను. మాట్లాడొద్దు, పడుకోమన్నాను.

"ఏడ్సిండట."

ఊకొట్టాను.

"నేను ఉరకలే సార్. అంటువెట్టి గట్టు మీద కూసున్న. కోత కూలోళ్లు వేరేకాడికి పోతరని వాళ్లకు ఫోన్ చేసుకుంట కూసున్న. వాడు మంటల్ల ఒర్రుడు ఇనవడ్డది. అడివిపంది అని పక్కపొంటి ఉన్నోళ్లకు చెప్పిన. మీరొక్కలే నా దిక్కు మాట్లాడిండ్రు, మీకన్న చెప్తే కడుపు సల్లవడ్తదని చెప్తున్న."

కారు ఆపాను. దిగి వెనక తలుపు తెరిచాను. పంది అన్న మాట నా చెవుల్లో మోగుతోంది, గట్ల మీద తలలు పగలగొట్టించుకున్న ఆ పందులన్నీ కళ్లముందు తిరుగుతున్నాయి. అతని జుట్టు పట్టుకుని, వాచిపోయిన ఆ చెంప మీదే కొట్టాను. ఊళ్లో జనం కొట్టినదానికీ నేను కొట్టినదానికీ ఏం తేడా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నా అరచెయ్యి రసానికి అతుక్కుని ఊడొచ్చింది. వెనక నుంచి సర్పంచు బండి చప్పుడు వినిపిస్తే తలుపేసి, స్టీరింగు ముందు కూర్చుని, అతన్ని ఆసుపత్రిలో దింపాను. అతను బతుకుతాడని, కాలు మాత్రం వంకర పోతుందని డాక్టరు చెప్పాడు.

ఆ రాత్రి నా భార్యకు అంతా చెప్పాను, మెల్లగానే.  ఆ మాట చెప్పాల్సింది తనకు కాదంది.

మర్నాడు పొద్దున మళ్లీ ఆ ఊరు పోయాను. పోయినాయన భార్య ఇంటి ముందు బర్రెకు చెరకాకు నరికి వేస్తోంది. కొడవలి ఆడుతూనే ఉంది. నిలబడే చెప్పాను. తీగలు తాకేవి కావని, నాకది చేనులోనే తెలిసిందని, అతను కారులో ఏమన్నాడో కూడా చెప్పాను. పంది అన్న మాట మాత్రం మింగేద్దామనుకున్నాను. ఆమె నా మొహం చూసి ఇంకేందో ఉంది, చెప్పమంది. చెప్పాను.

కొడవలి ఆగింది. అది నా మీదికి వస్తుందనుకున్నాను. వస్తే బాగుండుననీ అనుకున్నాను.

"రాసినప్పుడు నిజం రాస్తివి," అంది. "నేను అడిగినప్పుడు అబద్ధం చెప్తివి. నా పండ్లతోని తాడు ఇప్పిస్తివి గద సారు."

అతన్ని చంపేసేవాళ్లు అక్కా, అందుకే అన్నాను. ఆమె తల ఊపింది. అది ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. కొడవలి చూరులో చెక్కి, చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని వచ్చింది. ఠాణాకు పోదాం, ఇదే ముచ్చట అక్కడ చెప్పమంది.

 ఠాణాలో ఎస్సై ఆమెకు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. నేను చెప్పి, వాళ్లు రాసి, నేను సంతకం పెట్టేదాకా బల్ల పక్కనే నిలబడి, ఎక్కడ మాట మారుస్తానో అని నా నోటి వంకే చూసింది.